పదో వాక్యం

ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో నాకొచ్చిన మంచి పేరంతా తొమ్మిది వాక్యాల మీద వచ్చిందే. ఆ పేరు పోవలసినంతగా పోకుండా కాపాడింది ఒక పదో తరగతి పిల్ల. ఆ పిల్ల గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఎవరైనా దీన్ని చదువుతుంటే, మీ చేతుల్లో ఉన్న ఫోన్ల ముందు ఆనాటి మా కంప్యూటర్లు ఏ మూలకూ రావని నాకు తెలుసు. నేను చేసిన తప్పుకు అంత సరంజామా అక్కర్లేకపోయింది.

బోధన్‌లో ఒక బాలికల బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఏ బడి అని అడగకండి. నిజామాబాద్ నుంచి రోజూ బస్సులో పోయి రావడం. చెరకు సీజన్ వస్తే లారీల వెనక బస్సు ఈడ్చుకుంటూ పోయేది, నేను ప్రార్థన అయిపోయాక చేరేదాన్ని. హెడ్మాస్టరు గడియారం చూసేవారు గానీ ఏమీ అనేవారు కాదు. ఎందుకంటే నా తొమ్మిది వాక్యాలు బడికి పరువు తెచ్చాయి.

సంగతేమిటంటే, తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు అంటే చెమటలు పట్టేవి. తనిఖీకి వచ్చిన అధికారి ఏదైనా అడిగితే క్లాసు మొత్తం బెంచీల కిందకు చూసేది. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ప్రతి పిల్లా తన గురించి తొమ్మిది ఇంగ్లీషు వాక్యాలు నేర్చుకోవాలి. పేరు, తరగతి, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఆయన పని, తల్లి పేరు, ఆమె పని, ఇల్లు ఎక్కడో, ఫోన్ నంబరు, ఆఖరికి పెద్దయ్యాక ఏమవుతావో. తల్లి పేరూ పనీ కలిపి ఒకే వాక్యం. సొంత ఫోన్ లేనివాళ్ళు పక్కింటి ఫోనో, కిరాణా షాపు ఫోనో పీపీ నంబరని చెప్పాలి. ఇంటి గుర్తు దగ్గర నేను చాలా పట్టుదలగా ఉండేదాన్ని. "గుడి దగ్గర" అంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఏ గుడి, ఏ పక్క, ఎన్నో తలుపు, అన్నీ రావాలి. కుడి, ఎడమ, వెనక, ఎదురుగా అన్న మాటలు నేర్పడానికి అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

రోజూ ప్రార్థనలో ఒక పిల్ల మైకు ముందుకొచ్చి ఆ తొమ్మిదీ చెప్పేది. మొదట్లో వణికేవాళ్ళు. రెండేళ్ళు తిరిగేసరికి ఆరో తరగతి పిల్ల కూడా తడుముకోకుండా చెప్పేది. ఒక అధికారి ఆ పిల్లల్ని విని, "వీళ్ళు నిజంగా బీడీలు చేసేవాళ్ళ పిల్లలేనా?" అన్నారు. ఆ మాటలో ఉన్న చులకన నాకు అప్పుడు వినపడలేదు. మెచ్చుకోలే వినపడింది.

దీన్ని పొరపాటు అనుకునేవాళ్ళు మా ఊళ్ళలో ఎవరూ లేరు. మా వైపు పిల్ల రోడ్డు మీద కనిపిస్తే, ఎదురైన ప్రతి పెద్దమనిషీ ఆపి "ఎవ్వల బిడ్డవే? ఇల్లెక్కడ?" అని అడుగుతాడు. చెప్పకుండా పోతే పొగరుబోతు కింద లెక్క. చెబితే "అయ్యో, ఫలానా ఆయన బిడ్డవా" అని జామపండు చేతిలో పెట్టి పంపుతారు. పిల్ల తప్పిపోయినా ఇంటికి చేర్చేది ఆ ప్రశ్నే. నేను దాన్నే ఇంగ్లీషులోకి మార్చాను.

ఇదిలా ఉండగా రెండువేల సంవత్సరం దాటాక మా బడి సందు చివర ఒక నెట్ సెంటర్ వచ్చింది. నాలుగు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, గోడకు ఒక దేవుడి క్యాలెండర్. దాని యజమాని డిగ్రీ చదివి, కొన్నాళ్ళు ఎరువుల దుకాణంలో పనిచేసి, అది నచ్చక ఇది పెట్టుకున్నాడు. పరీక్ష ఫలితాలు చూడటానికి తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. నేను వెళ్ళి, శనివారం మధ్యాహ్నాలు మా పిల్లల్ని తీసుకొస్తానంటే ఎంతో సంతోషపడ్డాడు.

నాకొక పాత పిచ్చి ఉండేది. కాలేజీ రోజుల్లో వారపత్రికల్లో కలం స్నేహం శీర్షిక వచ్చేది. పేరు, వయసు, అలవాట్లు, చిరునామా. నేనూ నా వివరాలు పంపాను. మంగళూరు నుంచి ఒక అమ్మాయి రాసింది. ఆరేళ్ళు ఉత్తరాలు రాసుకున్నాం. నాకు ఇంగ్లీషు వచ్చిందంటే సగం ఆ అమ్మాయి పుణ్యమే. కంప్యూటర్‌లో కూడా కలం స్నేహం పేజీలున్నాయని నెట్ సెంటర్ ఆయన చూపించినప్పుడు నా సంబరం ఇంతా అంతా కాదు. పదో తరగతిలో ఇరవై ఆరుమంది. ఇరవై ఆరుమందికీ ఖాతాలు తెరిపించాను. మర్చిపోతారని అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టించాను, అదీ మా బడి పేరు. ఇక "మీ గురించి రాయండి" అన్న గడి రాగానే పిల్లలు నా వైపు చూశారు.

"ఏం రాయాలె టీచర్?"

"తొమ్మిది వాక్యాలు రాయుండ్రి. నేర్సుకున్నది దేనికి మల్ల?"

ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నాలుగు శనివారాల్లో రాశారు. తప్పులు నేనే దిద్దాను. ఇంటి గుర్తుల్లో కుడిఎడమలు కూడా నేనే సరిచూశాను.

మా లెక్కల సారు అప్పటికి రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషి. బోధన్‌లో తరాలుగా ఉన్న ముస్లిం కుటుంబం. ఉర్దూ, తెలుగు కలిపి చాలా తక్కువ మాట్లాడేవారు. స్టాఫ్ రూంలో నేను ఈ ఘనకార్యం చెబుతుంటే టీ గ్లాసు కింద పెట్టి అన్నారు.

"మేడం, ఖత్ రాసి లిఫాఫాల పెట్టి పంపుడు వేరే. గోడ మీద రాసుడు వేరే. మీరు చెప్పేది ఇంటుంటే నాకు గోడ లెక్కనే కొడ్తుంది."

కవరులో పెట్టిన ఉత్తరం వేరు, గోడ మీది రాత వేరట. కొత్తదంటే పడని ముసలాయన అనుకుని నవ్వేశాను. కలం స్నేహంలో నా చిరునామా పత్రికలో అచ్చయిందనీ, అదీ గోడేననీ వాదించాను. ఆయన టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. పత్రికలో అచ్చయినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఈ పిల్లలకు పద్నాలుగు, పదిహేను. ఆ తేడా నాకు తట్టలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు మన పిల్ల దగ్గరికి వద్దాం. తండ్రి ట్రాక్టర్ ట్రాలీలకు వెల్డింగు చేసేవాడు. తల్లి బీడీలు చేసేది. ఈ పిల్ల కూడా బడి నుంచి వచ్చి ఒక గంట ఆకు కత్తిరించి ఆ తర్వాతే పుస్తకం తీసేది. క్లాసులో పెద్దగా మాట్లాడదు, కానీ రాతలో అందరికంటే ముందు. ఆ పిల్లకే మొదటి జవాబు వచ్చింది. పూనా నుంచి ఒక పదిహేనేళ్ళ అమ్మాయిని అని రాసుకుంది అవతలి మనిషి. క్లాసంతా ఈర్ష్య పడింది. రెండు నెలలు ఉత్తరాలు నడిచాయి. నేను కొన్ని చూశాను. అవతలివైపు ఇంగ్లీషులో క్రియలు తప్పుగా ఉన్నాయని ఎర్ర సిరాతో దిద్దాలనిపించింది. నాకు కనిపించిన లోపం అదొక్కటే.

ఒకరోజు పిల్ల మెరిసే మొహంతో వచ్చింది. పుట్టినరోజు నాడు కిరాణా సేటు దుకాణానికి ఫోన్ వచ్చిందట.

"పెన్ ఫ్రెండ్ వాళ్ళ అన్నట టీచర్. హ్యాపీ బర్త్‌డే చెప్పిండు. బాపు పేరు తీసి బాగున్నడా అని అడిగిండు."

నేను అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తే. "ఇంగ్లీషులనే మాట్లాడినవా?" అన్నాను.

తర్వాత మరో మూడుసార్లు ఫోన్ వచ్చింది. అవి నాకు చెప్పలేదు. సేటు సందంతా వినపడేలా పేరు పెట్టి పిలిచేవాడు. నాలుగోసారి ఆ పిల్ల పోలేదు. ఫోన్ బంద్ చేయమని సేటుకు చెప్పింది. ఎందుకని నేను తర్వాత అడిగితే, "నన్ను ఒక్కదాన్నే బస్టాండుకు రమ్మన్నడు టీచర్, పోనన్న" అని చెప్పింది. ఆ సంగతి ముందే నాతో ఎందుకు చెప్పలేదంటే, కలం స్నేహం వద్దంటే నేను బాధపడతానని చెప్పలేదట.

ఆ ఫోన్లు ఆగిన కొద్ది రోజులకు, ఒకనాడు ఆఖరి పీరియడు. చెరకు లారీల మోతకు కిటికీలు మూసి పాఠం చెబుతున్నాను. మా బడి ఆయా తలుపు దగ్గరికొచ్చింది. ఇరవై ఏళ్ళుగా గేటు కాస్తున్న మనిషి. ఆమెను దాటి తెలియని పురుగు కూడా లోపలికి రాదని మాకు ధీమా.

"టీచరమ్మా, గా పిల్లను పంపుండ్రి. మేనమామ అచ్చిండు నాందేడ్ నుంచి. తల్లికి పాణం మంచిగ లేదట."

"నువ్వు అడిగినవా ఎవరని?"

"అడగకుంటనా? పిల్ల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన దినం సుత చెప్పిండు. ఇల్లెక్కడ అంటే మనకన్న మంచిగ చెప్పిండు. సొంతపోడు గాకుంటే గవన్ని ఎట్ల తెలుస్తయి?"

పిల్ల అప్పటికే సంచి సర్దుకుంటోంది. తల్లికి బాగాలేదన్న మాటకు మొహం తెల్లబోయింది. తలుపు దాకా వచ్చి ఆగింది.

"టీచర్, మా అవ్వకు అన్నదమ్ములు లేరు" అంది చిన్నగా.

తల్లికి అన్నదమ్ములే లేరన్న ఆ మాట తొమ్మిదింటిలో లేదు. మేనమామల గురించి నేనెప్పుడూ రాయించలేదు. పిల్లను కూర్చోమని, క్లాసు తలుపు వేసి, ఆయాను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి పోయాను.

అతనికి ముప్పై ఐదేళ్ళుంటాయేమో. ఇస్త్రీ బట్టలు, మోటారుసైకిలు. నమస్కారం మర్యాదగా పెట్టాడు. మరాఠీ యాస కలిసిన హిందీలో, అక్కకు జ్వరమనీ, ఆస్పత్రిలో చేర్పించామనీ, పిల్లను చూడాలని కలవరిస్తోందనీ చెప్పాడు. ఇల్లెక్కడని నేనూ అడిగాను.

"పురానా గుడ్ గోదాం కే పీఛే. ఇమ్లీ కే ఝాడ్ సే బాయే హాత్ కో దూస్రా దర్వాజా."

పాత బెల్లం గోదాము వెనక, చింతచెట్టుకు ఎడమ చేతి వైపు రెండో తలుపు. ఎడమ చేతి వైపు అన్నది నేను దిద్దిన మాట. పిల్ల మొదట కుడి అని రాసింది, నేనే చెరిపించి ఎడమ రాయించాను. నా వాక్యం నాకే అతని నోటి నుంచి తిరిగి వచ్చింది. తర్వాత అతను చెప్పినవన్నీ అదే వరసలో వచ్చాయి, తండ్రి పేరు, ఆయన పని, తల్లి పేరు, ఆమె పని. గేటు గొళ్ళెం పెట్టి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాను.

ఇంకేం అడగాలి? నాకు తెలిసినవన్నీ అతనికి తెలుసు. అతనికి తెలిసినంతే నాకూ తెలుసు. నాలుగేళ్ళుగా పాఠం చెబుతున్న పిల్ల గురించి నా దగ్గర ఉన్నది కూడా ఆ తొమ్మిది వాక్యాలే. ఏమీ తోచక, హిందీలోనే అడిగాను, "ఇంట్లో పిల్లను ఏమని పిలుస్తారు?" అని.

అతను బడి పేరే చెప్పాడు.

"అది కాదు. ఇంట్లో పిలిచే పేరు."

నవ్వాడు. "బేబీ" అన్నాడు. అని నా మొహం వంక చూశాడు, సరిపోయిందా లేదా అని. నిజం చెప్పాలంటే సరిపోయిందో లేదో నాకూ తెలియదు. నేను మాట్లాడకుండా నిలబడ్డాను. ఆ మౌనం అతనికి జవాబులా కనిపించిందేమో. అక్కనే తీసుకొస్తానంటూ బండి ఎక్కి, లారీల మధ్య నుంచి వెళ్ళిపోయాడు. బండి నంబరు చూడాలని నాకు తట్టేసరికి దుమ్ము కూడా అణిగింది.

ఆయా తల కొట్టుకుంది. "అన్ని గంత సక్కగ చెప్పవట్టె గదమ్మా" అంటూ గేటు దగ్గరే కూలబడింది. ఆమె తప్పేం లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె వాడిన తాళంచెవిని ఇరవై ఆరు కాపీలు తీసి పంచింది నేను.

పిల్లను ఆయానూ లెక్కల సారూ కలిసి ఇంట్లో దిగబెట్టారు. తల్లి శుభ్రంగా ఉంది, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పోలీసులకు చెబుదామని సారు అన్నారు. పిల్ల పేరు బయటపడుతుందని హెడ్మాస్టరు వద్దన్నారు. నేను ఆయన వైపే మాట్లాడాను. పిల్ల కోసమనే అన్నాను గానీ, నా పేరు కూడా బయటపడుతుందన్న లెక్క లోపల ఉంది. అతను మరో బడి గేటు దగ్గర నిలబడి ఉంటాడేమో అన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు. మీరు మాత్రం అలా చేయకండి. ఏ పరువూ అంత విలువైంది కాదు.

మర్నాడు తండ్రి వచ్చాడు. వెల్డింగు పొగతో ఎర్రబడ్డ కళ్ళు. హెడ్మాస్టరు గదిలో నేనూ, మరో ఇద్దరు టీచర్లూ ఉన్నాం. పిల్లను పిలిపించారు.

"ఇంటి అడ్రస్సు ఎవరికి చెప్పావమ్మా?" హెడ్మాస్టరు అడిగారు.

"కంప్యూటర్ల రాసిన సార్."

"తెలియనివాళ్ళకు ఇంటి గుర్తులు రాస్తారా ఎవరైనా? ఎవరు రాయమన్నారు?"

పిల్ల బల్ల మీదున్న గ్లోబు వైపు చూస్తూ నిలబడింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం, చూడనందుకు హాయిగా అనిపించింది.

"నీ అంతట నువ్వే రాసినవా?" తండ్రి అడిగాడు.

పిల్ల తల ఊపింది.

నోరు తెరవడానికి నాకు అరనిమిషం చాలు. ఆ అరనిమిషంలో నాకు ఉత్తమ ఉపాధ్యాయుల జాబితాకు బడి నుంచి నా పేరు పంపిన సంగతి గుర్తుకొచ్చింది. హెడ్మాస్టరుకు శనివారాల సంగతి తెలుసు. ఆయనా ఏమీ అనలేదు. పిల్ల ఒక్కతే దోషిగా నిలబడింది.

"ఇగ సదువు సాలు సార్" అన్నాడు తండ్రి. "ఇంట్ల కూసోని బీడీలు చేస్తది. రేపట్నుంచి రాదు." పిల్ల భుజం మీది సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకుని ముందు నడిచాడు. పదో తరగతి పరీక్షలకు ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి.

రెండు రోజులు నేను మామూలుగానే పాఠాలు చెప్పాను. మూడో రోజు బస్సు సమయానికి వచ్చింది కాబట్టి ప్రార్థనకు అందుకున్నాను. ఏడో తరగతి పిల్ల మైకు ముందు నిలబడి తొమ్మిది వాక్యాలు చెబుతోంది. నేను మొదటిసారి పిల్ల మీద కాక లౌడ్‌స్పీకర్ మీద చూపు పెట్టాను. అది గోడ మీద రోడ్డు వైపు తిరిగి ఉంది. అవతల టీ బండి, నాలుగు లారీలు, ఆగి టీ తాగుతున్న మనుషులు. తండ్రి దుబాయ్‌లో ఉన్నాడనీ, తల్లి పగలంతా ఆస్పత్రిలో పనికి పోతుందనీ, ఇల్లు ఫలానా మసీదు ఎదురు సందులో అనీ ఆ పిల్ల ఉచ్చారణ తప్పు లేకుండా ఊరికంతటికీ చెబుతోంది. కంప్యూటర్ రాకముందు నుంచే నేను ఈ పని చేస్తున్నాను.

వెళ్ళి మైకు తీగ పీకేశాను. పిల్ల నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. హెడ్మాస్టరు కరెంటు పోయిందనుకున్నారు.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి బెల్లం గోదాము వెనక సందుకు పోయాను. ఇల్లు వెతుక్కోవలసిన పని పడలేదు. చింతచెట్టుకు ఎడమ చేతి వైపు రెండో తలుపు. అరుగు మీద ఐదారుగురు ఆడవాళ్ళు బీడీలు చుడుతున్నారు. మన పిల్ల వాళ్ళ మధ్య కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూడగానే లేచి లోపలికి పోయింది. తండ్రి అన్నానికి వచ్చి ఉన్నాడు.

లోపలికి రమ్మన్నారు. నేను అరుగు మీదే నిలబడ్డాను. బడి మాన్పించారంటే సందంతా ఆ పిల్లనే అని ఉంటుంది, కాబట్టి సందులోనే చెప్పాలని దారిపొడవునా అనుకుంటూ వచ్చాను.

"అన్నా, పిల్ల తప్పు లేదు. అడ్రస్సు, ఫోన్ నంబరు, అన్ని రాయమన్నది నేను. దగ్గరుండి రాయించిన. దిద్దింది కూడ నేనే."

బీడీలు చుట్టే చేతులు ఆగాయి.

"మీరే రాయమన్నరా?"

"నేనే."

"మరి గా దినం సార్ రూంల ఎందుకు చెప్పలె?"

"భయపడ్డ."

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. "నా బిడ్డ భయపడలె టీచర్" అన్నాడు. "మూడు దినాల సంది అడుగుతున్న, ఎవలు రాయమన్నరే అని. ఒక్కపారి కొట్టిన సుత. చెప్పలె."

సిగ్గు అనే మాటను నేను చాలాసార్లు పిల్లల మీద వాడాను. దాని అర్థం ఆ అరుగు మీద తెలిసింది. తలుపు వెనక నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"చెప్తే టీచర్ నౌకరి పోతదనుకున్న బాపు."

తల్లి ఒళ్ళోని చాట తీసి పక్కన పెట్టింది. లోపలికి తిరిగి, నాకు మంచినీళ్ళు తెమ్మని పిల్లను పిలిచింది. బడి పేరుతో కాదు, ఇంట్లో పిలిచే పేరుతో. గేటు దగ్గర ఆ మనిషిని నేనడిగిన ప్రశ్నకు జవాబు అది. వినగానే ఆమె భర్త ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. తెలిసే పిలిచింది. పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగాను.

"పరీచ్చలు రాయనీయుండ్రి" అంది తల్లి భర్తతో.

"రాయనీ. గని ఒక్కతి పోదు, ఒక్కతి రాదు." నా వైపు తిరిగాడు. "మీరే తీస్కపోవాలె. మీరే తెచ్చి దిగబెట్టాలె."

నాలుగు నెలలు అదే చేశాను. పొద్దున ముందు బస్సుకు వచ్చేదాన్ని, సాయంత్రం నా బస్సు తప్పిపోయేది. ఇంట్లో మా ఆయన వంట నేర్చుకున్నారు. దారిలో మేము పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. క్షమించమని ఒకసారి అడిగాను. "మీరు అప్పుడు లెఫ్ట్ అని దిద్దకుంటే వాడు వేరే ఇల్లు చెప్పెటోడు గదా టీచర్" అంది. తిడుతోందా, ఓదారుస్తోందా అర్థం కాలేదు. పక్కకు చూస్తే నవ్వుతోంది.

నేను వాళ్ళింటికి పోయిన వారమే, శనివారం నాడు, నేనూ లెక్కల సారూ నెట్ సెంటర్లో కూర్చుని ఇరవై ఆరు పేజీలూ చెరిపాం. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టిన నా తెలివితక్కువతనం ఆ ఒక్క పూట అక్కరకొచ్చింది. "గోడ" అన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఒక్కొక్క వాక్యం కొట్టేస్తూ పోయారు. అన్నీ అయ్యాక పూర్తిగా పోయినట్టేనా అని నెట్ సెంటర్ ఆయన్ను అడిగాను.

"ఇక్కడ్నుంచి పోయినయి టీచర్. చూసినోళ్ళు రాసి పెట్టుకుంటే మనమేం చేస్తం?" అన్నాడు. ఆ జవాబు నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఇరవై ఆరు ఇళ్ళకూ పోయి, ఏం జరిగిందో ఎవరి వల్ల జరిగిందో చెప్పాను. రెండిళ్ళలో తిట్టారు. ఒక ఇంట్లో అన్నం పెట్టారు. తిట్టిన ఇళ్ళే సులువుగా అనిపించాయి.

తర్వాత ప్రార్థనలో పరిచయం ఒక్క వాక్యానికి దిగింది. పేరు, అంతే. మిగిలిన ఇంగ్లీషు కోసం వర్షం గురించో, పిండివంట గురించో చెప్పమన్నాను. కంప్యూటర్లో గడి కనిపిస్తే, "ఇది వాళ్ళకెందుకు?" అని ముందు అడగమన్నాను. జవాబు దొరక్కపోతే ఖాళీగా వదిలేయమన్నాను. మార్కులు పోతాయేమో అని అడిగింది ఒక పిల్ల. ఈ పరీక్షలో ఖాళీకే మార్కులని చెప్పాల్సి వచ్చింది. ఇంకొకటి కూడా చెప్పాను. ఇంట్లోవాళ్ళతో కూర్చుని, బయట ఎక్కడా రాయని ఒక మాట మీలో మీరే పెట్టుకోండి, దాన్ని నాకు కూడా చెప్పకండి, ఎవరైనా వచ్చి మీ వాళ్ళు పంపారంటే ఆ మాట అడగండి. పిల్లలు దానికి పదో వాక్యం అని పేరు పెట్టుకున్నారు. ఆయా గేటు దగ్గర దాన్ని కచ్చితంగా అడిగి, వెళ్ళి పిల్లతో సరిచూసుకునేది. సొంత తండ్రులు కూడా ఆ మాట మర్చిపోయి ఎండలో నిలబడేవాళ్ళు.

ఆ మనిషి మళ్ళీ రాలేదు. ఎవరో తెలియలేదు. పిల్ల ఫస్ట్ క్లాసులో పాసయింది. ఉత్తమ ఉపాధ్యాయుల జాబితా నుంచి నా పేరు వెనక్కి తీసుకోమని హెడ్మాస్టరుకు రాసిచ్చాను. ఆయన కారణం అడగకుండా సంతకం పెట్టారు.

ఇది రాసే ముందు ఆ పిల్లకు ఫోన్ చేశాను. ఇప్పుడామెకు ఒక బిడ్డ. రాయొచ్చా అని అడిగితే, "రాయుండ్రి టీచర్, గని ఎట్ల రాస్తరో నాకు ఎరుకనే గదా" అంది. కూతురి బడిలో ఇచ్చిన ఫారం ముందు పెట్టుకుని ఉందట. ఫోటో, బ్లడ్ గ్రూపు, ఇంటికి దారి పటం అడిగారట. "దేనికని అడిగి వచ్చిన. చెప్పినంక రాస్త" అంది.

ఇందులో ఎవరి పేరూ లేదని మీరు గమనించే ఉంటారు. బెల్లం గోదామూ, చింతచెట్టూ, ఎడమ చేయీ కూడా మార్చి రాశాను. పోయి వెతకకండి. ఆ తల్లి అరుగు మీద నా ఎదుట పిలిచిన పేరు మాత్రం నాకు గుర్తుంది. మీలో ఎవరైనా వచ్చి ఆ పిల్ల బడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇల్లు, అన్నీ ఒక్క తప్పు లేకుండా చెప్పి అడిగినా సరే, అది చెప్పను.